సేవ చేయువారి అలసట
(1 రాజులు 19వ అధ్యాయము చదువుడి)

ఏలీయా బదరీవృక్షము క్రింద పడియుండి, ఇక బ్రదుకజాలనని మొఱపెట్టినప్పుడు దేవదూత అతని గద్దింపలేదు. రొట్టెయు నీళ్లును ఇచ్చి, మరల నిద్రపోనిచ్చెను. ఈ మాసము జోసెఫీన్ బట్లరమ్మగారి జీవితము చదువుచుండగా ఈ సంగతి మాకు జ్ఞాపకము వచ్చినది.

ఆమె 1828లో ఇంగ్లండు దేశమున జన్మించెను. భర్త జార్జి బట్లరుగారు బోధకుడు, ఉపాధ్యాయుడు. ముగ్గురు కుమారులు, ఒక్కతే కుమార్తె ఈవా. 1864లో ఒక సాయంకాలము ఇల్లు చేరిన తలిదండ్రులకు ఎదురుగా పరుగెత్తివచ్చుచు ఆ పసిబిడ్డ మేడమీదనుండి పడి మరణించెను.

1866లో వారు లివర్‌పూలు పట్టణమునకు మారిరి. తనకంటె ఎక్కువ దుఃఖపడువారిని వెదకుచు ఆమె అచ్చటి బీదల శాలకు వెళ్లెను. పాత ఓడత్రాళ్లనుండి నార పీకుచున్న స్త్రీలతో నేలమీద కూర్చుండి ఆ పని చేయబోయెను. ఆమెకు చేతకాకపోగా వారు నవ్విరి. ఆ నవ్వుతోనే స్నేహము కలిగెను. వీధుల పాలై, క్షయరోగముతో చావ సిద్ధముగానున్న స్త్రీలను తన యింటికే తెచ్చి, కన్నబిడ్డలవలె ఉపచరించెను. కొందరు ఆమె యింటనే కన్నుమూసిరి. గదులు చాలక వేరొక యిల్లు తెరచెను.

ఆ కాలపు చట్టములు దండు పట్టణములలో పోలీసువారు అనుమానించిన స్త్రీలను బలవంతముగా వైద్యపరీక్షకు లోపరచుచుండెను. పురుషులను అడుగువారు లేరు. 1869 మొదలుకొని ఆమె వాటితో పోరాడెను. 1872లో పాంటిఫ్రాక్టులో ఆమె సభ జరుగుచున్న అటుకక్రింద విరోధులు గడ్డికి నిప్పుపెట్టిరి. 1886లో ఆ చట్టములు రద్దాయెను.

అయితే ఆమె ఇనుపమనిషి కాదు. పలుమారులు ఆరోగ్యము చెడెను, మనస్సు క్రుంగెను. పని మాని విశ్రమింపవలసి వచ్చెను. అప్పుడు ఆమెను నిలిపినవారిలో భర్త ముఖ్యుడు. లోకనింద తన ఉద్యోగోన్నతికి అడ్డమైనను ఆయన ఆమె ప్రక్కనుండి తొలగలేదు. ఆయన 1890లో మరణించువరకు ఆమెయే ఆయనకు పరిచర్య చేసెను. 1906లో ఆమెయు ప్రభువునందు నిద్రించెను.

ప్రియులారా, మన సంఘములలోను నర్సులున్నారు. త్రాగుడుకు లోబడిన భర్తలను, మంచము పట్టిన తలిదండ్రులను కనిపెట్టుకొనియున్నవారున్నారు. వారి ఓర్పును మనము పొగడుదుము. పొగడ్త విన్నవారు అలసితిమని చెప్పుకొనుటకు సిగ్గుపడుదురు. ఈ తప్పు మాలోను ఉన్నది. ఈ వారము అట్టివారి యింటికి పోయి, అన్నము తింటివా, నిద్రపోతివా అని అడుగుదము. ఒక్క రాత్రి వారి రోగియొద్ద మనము కూర్చుందము. ఏలీయాకు దూత చేసినది ఇంతే గదా.