లూయీ పాశ్చర్

పిచ్చికుక్క కాటుకు టీకా కనిపెట్టినవాడుగా పాశ్చర్ పేరు మీకు తెలుసు. అంతకు చాలా ఏళ్ల ముందే ఆయన దృష్టి ఆల్కహాలు తొట్ల మీద పడింది.

పాశ్చర్ 1822 డిసెంబరు 27న ఫ్రాన్సులోని డోల్ పట్టణంలో జన్మించాడు. తండ్రి తోళ్లు పదునుచేసి జీవించేవాడు. బడిలో పాశ్చర్ సామాన్య విద్యార్థే. బొమ్మలు మాత్రం చక్కగా గీసేవాడు.

1854లో ఆయన లీల్ నగరంలో ఆచార్యుడయ్యాడు. అక్కడ బీట్‌రూటు రసాన్ని పులియబెట్టి, కాచి, ఆ ఆవిరిని చల్లార్చి ఆల్కహాలు తీసేవారు. 1856లో ఒక విద్యార్థి తండ్రి ఆయన వద్దకు వచ్చాడు. తన కర్మాగారంలో కొన్ని తొట్లు పాడై, ఆల్కహాలు రాక, రసం పులుపెక్కుతోందని మొరపెట్టుకున్నాడు. పాశ్చర్ ఆ రసాలను తెచ్చి సూక్ష్మదర్శినిలో పరిశీలించాడు. మంచి తొట్టి రసంలో గుండ్రని ఈస్టు కణాలు ఉన్నాయి. చెడిన రసంలో వాటికంటె ఎంతో చిన్నవైన కడ్డీల వంటివి కనిపించాయి. పుల్లని మజ్జిగలో ఉండే లాక్టిక్ ఆమ్లమే ఆ రసంలోనూ ఉంది. చక్కెరను ఈస్టు ఆల్కహాలుగా మారుస్తుంటే, ఈ కడ్డీలు ఆమ్లంగా మారుస్తున్నాయన్నమాట!

జర్మనీ రసాయనవేత్త లీబిగ్ దీనిని ఒప్పుకోలేదు. పులియడం వట్టి రసాయన మార్పేననీ, ఈస్టు ప్రాణంతో దానికి పనిలేదనీ ఆయన వాదం. పాశ్చర్ పట్టు విడువలేదు. 1859లో పెద్ద కూతురు టైఫాయిడుతో మరణించినా ప్రయోగాలు ఆగలేదు. చక్కెర, అమ్మోనియా లవణం, ఈస్టు బూడిద కలిపిన నీటిలో గుండుసూది తలంత ఈస్టు వేశాడు. కుళ్లే పదార్థమేదీ అందులో లేదు. అయినా ఈస్టు పెరిగింది, ఆల్కహాలు పుట్టింది. 1860లో ఈ ఫలితాలను ప్రకటించాడు.

లీబిగ్ మాట పూర్తిగా తప్పు కాదు. ఈస్టును నూరి పిండిన, కణాలు లేని రసం కూడా చక్కెరను ఆల్కహాలుగా మార్చగలదని 1897లో బుక్నర్ చూపాడు. ఆ పని చేసేవి ఈస్టులోని ఎంజైములు. అది తెలుసుకోవడానికి పాశ్చర్ లేడు. 1895 సెప్టెంబరు 28న కన్నుమూశాడు.