గాయం మానే లెక్కలో మన సుబ్బారావు

దాచేపల్లి చుట్టుపక్కల పత్తి తీసే రోజుల్లో అమ్మ చేతివేళ్లు ఓసారి చూడండి. ఎండిన కాయ మొనలు గీరుకుని సన్నటి గీతలుంటాయి. కొన్ని రోజుల్లో మానిపోతాయి. అలా మానాలంటే గీత అంచున ఉన్న చర్మకణాలు లోపలికి పాకాలి. పాకాలంటే కింది ఆధారాన్ని పట్టుకోవాలి, వదలాలి, మళ్లీ పట్టుకోవాలి. ఆ పట్టును నడిపించే సంకేతాల్లో ఒకటి కణపొరలోని కొవ్వు అణువు. పేరు పిప్-2. దాని తలకు తగిలించి ఉన్న ఫాస్ఫేట్లే దాని గుర్తు. టాలిన్, విన్‌క్యులిన్ అనే ప్రొటీన్లు ఆ గుర్తుకు అతుక్కుంటాయి. బయటి ఆధారాన్ని పట్టుకున్న ఇంటెగ్రిన్‌ను లోపలి ఆక్టిన్ దారాలకు ముడివేస్తాయి. మరి ఆ ఫాస్ఫేట్లు ఎక్కడివి? ఏటీపీ ఇస్తుంది. 1929లో ఆ ఏటీపీని వెలికితీసిన వాళ్లలో ఒకరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న పుట్టిన ఈయన చదువు సాఫీగా ఏమీ సాగలేదు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసర్‌కు కంటగింపయ్యారు. ఎంబీబీఎస్ రావాల్సిన చోట అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టా చేతికొచ్చింది. స్ప్రూ అనే పేగుల జబ్బు ఇద్దరు సోదరుల్ని రోజుల తేడాలో తీసుకుపోయింది. 1920ల మొదట్లో బోస్టన్ చేరి, పొట్టకూటికి ఆస్పత్రిలో రాత్రిపూట చాకిరీ చేస్తూ హార్వర్డ్‌లో చదువుకున్నారు.

అక్కడ సైరస్ ఫిస్కే ల్యాబ్‌లో ఆయనకు అప్పగించిన పని చూస్తే చప్పగా అనిపిస్తుంది: రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలవాలి. మాలిబ్డేట్ కలిపి, ఇంకో రసాయనం చేరిస్తే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే రంగు అంత చిక్కన. 1925లో పద్ధతి అచ్చయింది. కండరం రసానికి వాడినప్పుడే తిరకాసు వచ్చింది. రంగు వెంటనే రాకుండా నెమ్మదిగా ముదురుతోంది. వేరే ఎవరైనా అయితే పరీక్ష చెడిందని పారబోసేవారేమో! వీళ్లు ఎందుకిలా అని పట్టుకుని కూర్చున్నారు. ఫాస్ఫేట్‌ను వదులుగా పట్టుకున్న పదార్థమేదో ఆమ్లంలో మెల్లగా విడిపోతోందని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927. కండరం పనిచేస్తే తగ్గిపోతుంది, విశ్రాంతినిస్తే తిరిగి వస్తుంది. కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం తయారవడం నుంచే వస్తుందన్న అప్పటి నమ్మకం దాంతో కదిలింది. రెండేళ్లకు ఏటీపీ దొరికింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనుక్కున్నారు.

ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన పదవి ఇవ్వలేదు. నా దృష్టిలో అది ఆ విశ్వవిద్యాలయానికే లోటు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరుల్ని బలిగొన్న స్ప్రూకు అది మందుగా పనికొచ్చింది. దాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ పిల్లల్లో రక్తక్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గించారు. ఆ ఫలితాలు 1948లో వెలువడ్డాయి. ఆ ఆగస్టులోనే సుబ్బారావు చనిపోయారు. 53 ఏళ్లు.

కొవ్వులు సంకేతాలిస్తాయన్న సంగతికి తొలి ఆధారం ఆయన చూడలేదు. 1953లో మేబెల్, లోవెల్ హోకిన్ దంపతులు క్లోమం ముక్కలకు రేడియోధార్మిక ఫాస్ఫరస్ ఇచ్చి చూశారు. కణాన్ని ప్రేరేపిస్తే పొరలోని ఫాస్ఫోలిపిడ్లలోకి అది జోరుగా చేరుతోంది. పిప్-2 కథ అక్కణ్నుంచే మొదలు. అన్నట్టు, మిరప కోసిన చేతుల్లో మంట పుట్టించే గ్రాహకం మీద కూడా ఈ పిప్-2 ప్రభావం ఉంది.

ఈ రంగంలోకి రావాలంటే డిగ్రీలో బయోకెమిస్ట్రీ గానీ బయోటెక్నాలజీ గానీ తీసుకోండి. పీజీకి గ్యాట్-బీ, ఐఐటీ జామ్, పీహెచ్‌డీకి సీఎస్ఐఆర్ నెట్ ఉన్నాయి. హైదరాబాద్‌లో సీసీఎంబీ ఉంది. ఫాస్ఫోలిపిడ్లను కొలిచేటప్పుడు ఆమ్లంతో కాల్చి ఫాస్ఫేట్‌ను విడదీస్తారు. తర్వాత వచ్చేది ఆ నీలిరంగే. ప్రాక్టికల్ రికార్డులో దానికి మీరు రాసే శీర్షిక ఫిస్కే-సుబ్బారో పద్ధతి.