మైకేల్ ఫారడే మహాశయుడు

విద్యుద్యంత్రములకు మూలపురుషుడనదగిన మైకేల్ ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన లండను సమీపమున నొక పేద కమ్మరి యింట జన్మించెను. చదువుట, వ్రాయుట, లెక్కలు వేయుట నేర్చుటతోనే యాతని బడిచదువు ముగిసెను. 1805లో, పదునాలుగేండ్ల ప్రాయమున, పుస్తకములకు అట్టలు కట్టు రీబో అను వర్తకుని యొద్ద ఏడేండ్లు పని నేర్చుకొనుటకు కుదిరెను. అట్టకట్టుటకు వచ్చిన పుస్తకములే యాతనికి గురువులైనవి. విజ్ఞానసర్వస్వమున విద్యుత్తును గూర్చిన వ్యాసమును, జేన్ మార్సెట్ విదుషి సంభాషణరూపమున రచించిన రసాయనశాస్త్ర గ్రంథమును చదివి యూరకుండక, చేతనున్న చిల్లర డబ్బులతో సామగ్రి కొని, చదివినదానిని చేసి చూచెను.

1812లో ఆ దుకాణమునకు వచ్చు నొక సజ్జను డిచ్చిన ప్రవేశపత్రములతో, రాయల్ ఇన్‌స్టిట్యూషను అను సంస్థలో హంఫ్రీ డేవీ పండితుని యుపన్యాసములు నాలుగింటిని వినెను. విన్నదెల్ల వ్రాసి, బొమ్మలు గీసి, స్వహస్తములతో అట్టకట్టి డేవీకి పంపెను. 1813 మార్చిలో ఆ సంస్థయందే ప్రయోగశాలా సహాయకుడయ్యెను. 1831లో తీగచుట్టలోనికి అయస్కాంతమును జొనిపి, వెలికి తీసి, విద్యుత్తును పుట్టించెను. నేటి జలవిద్యుత్కేంద్రములలో తిరుగు యంత్రములకును ఆ సూత్రమే యాధారము.

ఆ ప్రవేశపత్రములు లభింపకున్నచో ఆతడు కడవఱకు అట్టలు కట్టుచునే యుండెడివాడేమో! తనకు తెఱువబడిన ద్వారమును ఆతడు పరుల బిడ్డలకును తెఱచెను. ఆ సంస్థ 1825లో బాలబాలికలకై క్రిస్మస్ ఉపన్యాసముల నారంభించెను. 1827 మొదలు 1860 వఱకు ఫారడే పందొమ్మిది పర్యాయములు వానిని నిర్వహించెను. కడపటి పర్యాయము పిల్లల యెదుట నిలిపినది ఒక క్రొవ్వొత్తి. జ్వాల నడిమి నల్లని భాగమునుండి గాజుగొట్టముగుండ ఆవిరిని రప్పించి, దాని కొసను వెలిగించెను. జ్వాలపై చల్లని పాత్రను పట్టి నీటిబొట్లు చూపెను. ఒత్తి మండగా పుట్టిన వాయువు సున్నపుతేటను తెల్లబఱచుట చూపి, మన నిశ్వాసమును అట్లే చేయునని నిరూపించెను. దేహమును ఒకవిధముగ వెలుగుచున్న దీపమే యని పిల్లలు కన్నులార గ్రహించిరి.

ఆ పాఠములు 1861లో గ్రంథరూపమున వెలువడెను. 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము నందిన జపాను దేశీయుడు అకీరా యోషినోకు బాల్యమున ఆ శాస్త్రమునం దాసక్తి కలిగించినది ఆ గ్రంథమే.

సర్ బిరుదమును, రాయల్ సొసైటీ యధ్యక్షపదవిని నిరాకరించిన ఫారడే 1867 ఆగస్టు 25న దివంగతుడయ్యెను. గ్రంథాలయమున పుస్తకము తెఱచిన బాలునకు ఒక దీపమును, ఒక గాజుగొట్టమును, దాపున నిలిచి చేయించు పెద్దయు లభించినచో చదువు సార్థకమగును. అట్టి బాలుడు ఏ కమ్మరి కొలిమి కడ నున్నాడో యెవ్వ రెఱుగుదురు?