పార పట్టిన వినోబా

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి పంపమని కార్యదర్శిగారు కోరారు. ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగా కలం తప్ప మరొకటి పట్టనివాణ్ణి. అయినా వినోబా భావే గారి గురించే రాయాలనిపించింది. కారణం చివర మనవి చేస్తాను.

ఆయన అసలు పేరు వినాయక నరహరి భావే. 1895 సెప్టెంబరు 11న మహారాష్ట్రలోని గాగోదె గ్రామంలో జన్మించారు. చదువులో దిట్ట, లెక్కలంటే ప్రాణం. అయినా తన సర్టిఫికెట్లన్నీ తల్లి ఎదుటే పొయ్యిలో వేసి కాల్చేశారు. సర్వీసు రిజిస్టరులో ఒక్క ఎంట్రీ తప్పితే నిద్రపట్టని మనకు ఇది ఊహకందని పని. 1916లో ఇంటర్మీడియట్ పరీక్షకని బొంబాయి బయలుదేరి, దారిలో రైలు దిగి కాశీ వెళ్ళిపోయారు. అదే ఏడు జూన్ 7న అహ్మదాబాదులోని కొచరబ్ ఆశ్రమంలో గాంధీజీని కలిశారు. ఆ సమయంలో గాంధీజీ కూరగాయలు తరుగుతున్నారు. వచ్చిన యువకునికీ ఒక కత్తి ఇచ్చి కూర్చోబెట్టారు. వారి మొదటి పాఠం అదే.

తిరగలి విసరడం, నూలు వడకడం, పాయఖానాలు శుభ్రం చేయడం అన్నీ ఆయన ఇష్టంగా చేశారు. 1921లో వార్ధా ఆశ్రమ బాధ్యత తీసుకున్నారు. తరువాత నల్వాడిలో రోజంతా నూలు వడికి, ఆ కూలితోనే బతకాలని పూనుకున్నారు. పేద వడుకుకత్తెకు దక్కే కూలి ఎంతటిదో ఒంటితో తెలుసుకోవాలన్నది ఆయన పట్టుదల.

1938 నాటికి ఒళ్ళు బాగా చిక్కిపోయింది. ఏదైనా చల్లని కొండ ప్రాంతానికి వెళ్ళమని గాంధీజీ సలహా. ఆయన వెళ్ళింది మాత్రం వార్ధా పక్కనే ధామ్ నది ఒడ్డునున్న పవనార్‌కు. అక్కడ చింతలన్నీ పక్కనపెట్టి పార పట్టారు. మొదట కొద్ది నిమిషాలే తవ్వారు. రోజూ కొంచెం కొంచెం పెంచుతూ పోయారు. కొన్ని నెలల్లో బరువు పెరిగి కోలుకున్నారు. 1940లో గాంధీజీ ఆయననే మొదటి వ్యక్తి సత్యాగ్రహిగా ఎంపిక చేశారు. తరువాతి జైలు కాలంలో వెల్లూరులో మన తెలుగుతో సహా నాలుగు దక్షిణాది భాషలూ నేర్చుకున్నారు. విడుదలయ్యాక రోజూ సుర్‌గావ్ గ్రామానికి నడిచి వెళ్ళి వీధులు శుభ్రం చేసేవారు. 1950లో పవనార్‌లో డబ్బు వాడకం మానే ప్రయోగం మొదలుపెట్టి, ఎద్దులు లేకుండా చేతులతోనే సేద్యం చేశారు.

1951లో శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనానికి వార్ధా నుండి నడిచే వచ్చారు. అక్కడి నుండి తెలంగాణ పల్లెల్లో తిరుగుతూ ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు. హరిజనులు బతకడానికి ఎనభై ఎకరాలు కావాలని అడగగా, వెదిరె రామచంద్రారెడ్డి గారు వంద ఎకరాలు ఇస్తామన్నారు. భూదానం పుట్టింది అక్కడే. ఆపైన పదమూడేళ్ళకు పైగా దేశమంతా కాలినడకన తిరిగారు. నలభై లక్షల ఎకరాలకు పైగా దానం వచ్చింది. అందులో చాలా భూమి పేదలకు అందలేదన్నదీ నిజమే. రాళ్ళగుట్టలు కొన్ని, తగాదా భూములు కొన్ని. పహాణీలు రాసినవాణ్ణి గనుక దాచకుండా చెబుతున్నాను. దానం చేసిన చేతికీ, దున్నే చేతికీ మధ్య మా కాగితాలు ఉన్నాయి. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

1982 నవంబరులో జబ్బుపడి, అన్నమూ మందూ మానుకొని, 15న దీపావళి నాడు పవనార్‌లోనే కన్నుమూశారు. 1983లో భారతరత్న ప్రకటించారు.

ఇక నా సంగతి. 2006లో పదవీ విరమణ అయ్యాక కుర్చీ, పేపరు, చిరాకు మిగిలాయి. కాఫీ ఐదు నిమిషాలు ఆలస్యమైతే కోడలి మీద విసుక్కునేవాణ్ణి. పవనార్ సంగతి చదివాక ఒకనాడు పెరట్లో పార పట్టాను. చూసినవాళ్ళు నవ్వుతారేమోనని తెల్లవారకముందే మొదలుపెట్టాను. మొదటిరోజు పది దెబ్బలకే ఆయాసం వచ్చింది. ఇప్పుడు రోజూ అరగంట. రెండు బీరపాదులు, ఒక చిక్కుడు పందిరి ఉన్నాయి. మోకాళ్ళ నొప్పి పోలేదు, చిరాకు పోయింది. మొదటి కోత బీరకాయలు కోడలి చేతికిచ్చినప్పుడు, మొదటి జీతం మా అమ్మ చేతిలో పెట్టిన రోజు గుర్తుకొచ్చింది.

మిత్రులారా, పింఛను మన కడుపు నింపుతుంది. మనసు నిండాలంటే చేతులకు పని ఉండాలి. పెరడు లేకపోతే ఒక కుండీ అయినా చాలు. ఇదే నా విన్నపం.