రుజువు కానిది చెప్పని యోగాచార్యుడు కువలయానంద

యోగాసనాలు నేర్పే వారికి నేడు కొదవ లేదు. 2015 నుంచి ఏటా జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవం జరుగుతున్నది. పల్లెటూరి బడి ఆవరణలోనూ ఆసనాలు వేయిస్తున్నారు. నేర్పేవారు ఏది చెప్పవచ్చు, ఏది చెప్పరాదు, ఎవరికి నేర్పాలి, ఎవరిని వద్దనాలి అన్న విషయాల్లో నూరేళ్ల క్రితమే బాట వేసినవారు స్వామి కువలయానంద.

ఆయన అసలు పేరు జగన్నాథ గణేశ్ గుణే. 1883 ఆగస్టు 30న గుజరాత్‌లోని డభోయిలో ఒక మరాఠీ కుటుంబంలో జన్మించారు. సంస్కృతంలో దిట్ట అనిపించుకుని 1903లో మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉపకార వేతనం పొందారు. లోకమాన్య తిలక్, అరవింద ఘోష్‌ల ప్రభావంతో దేశసేవకు అంకితమై ఆజన్మ బ్రహ్మచర్య వ్రతం స్వీకరించారు. బరోడాలో మాణిక్‌రావు వద్ద 1907 నుంచి 1910 వరకు వ్యాయామ విద్య అభ్యసించారు. తర్వాత ఖాందేశ్ ప్రాంతంలోని అమల్నేర్‌లో అధ్యాపకులుగా పనిచేశారు. 1919లో నర్మదా తీరాన మాల్సర్‌లో ఉన్న పరమహంస మాధవదాస్‌జీని ఆశ్రయించి యోగ రహస్యాలు నేర్చుకున్నారు.

ఆ రోజుల్లో యోగమంటే గుహల్లో సాధువులు చేసే అద్భుతమని జనం నమ్మేవారు. ఆ నమ్మకాన్ని ఆసరా చేసుకుని మహిమలు చూపి పొట్టపోసుకునే వారూ ఉండేవారు. గుణేగారికి ఆ మార్గం నచ్చలేదు. యోగాభ్యాసం వల్ల తన శరీరంలో కలిగిన మార్పులకు కారణం తెలియకుండా ఇతరులకు బోధించడం సరికాదని భావించారు. 1920 ప్రాంతంలో బరోడా ఆస్పత్రిలో వైద్యుల సాయంతో ఎక్స్‌రే పరీక్షలు మొదలుపెట్టారు.

యోగంలో బస్తి అనే క్రియ ఒకటుంది. నీటిలో కూర్చుని గుదద్వారం గుండా నీటిని పెద్దపేగులోకి తీసుకుని కడుపును శుభ్రం చేసుకోవడం దాని పని. నీరు దానంతటదే పైకి ఎలా ఎక్కుతుందన్నది పెద్ద వింతగా ఉండేది. పొట్ట కండరాలను బిగించి తిప్పే నౌలి చేసినపుడు పేగులో గాలి ఒత్తిడి బయటికన్నా తగ్గుతుందనీ, పిచికారీ కాడ లాగితే నీరు ఎక్కినట్లే ఇక్కడా ఎక్కుతుందనీ ఆయన కొలతలు తీసి నిరూపించారు. మహిమ అనుకున్నది శరీర ధర్మమేనని తేలింది. ఆ శూన్య స్థితికి తన పేరు కాక గురువు మాధవదాస్ పేరు పెట్టారు.

1924లో పూనా సమీపంలోని లోనావ్లాలో కైవల్యధామ ఆశ్రమాన్ని నెలకొల్పారు. పరిశోధనల ఫలితాలు ప్రకటించేందుకు అదే ఏడాది యోగ మీమాంస పత్రికను ప్రారంభించారు. ఆయన నిజాయితీకి గీటురాయి ప్రాణాయామంపై జరిపిన పరీక్షలే. ప్రాణాయామం చేస్తే మామూలు కంటే ఎక్కువ ప్రాణవాయువు ఒంటికి పడుతుందని అందరూ చెప్పేవారు. కొలిచి చూస్తే అలా తేలలేదు. యోగానికి పేరు తెచ్చే మాట గనుక ఆయన ఊరుకుని ఉండవచ్చు. కాని ఆ అభిప్రాయం పొరపాటని స్వయంగా ప్రకటించారు. ప్రాణాయామం వ్యర్థమని ఆయన అనలేదు. దాని మేలు వేరే చోట ఉన్నదని చెప్పి, ఆ దిశగా పరిశోధన సాగించారు.

నేర్పడంలోనూ అదే జాగ్రత్త పాటించారు. తలకిందులుగా నిలిచే శీర్షాసనం ఎంతో గొప్పదని రాస్తూనే, చెవిలో చీము కారేవారు, కంటిలోని సన్నని రక్తనాళాలు బలహీనంగా ఉన్నవారు దాని జోలికి పోరాదని తన గ్రంథంలో హెచ్చరించారు. ఎవరి శక్తిని బట్టి వారు, ఆయాసం లేకుండా మెల్లగా అభ్యసించాలన్నది ఆయన నియమం. 1927లో గాంధీజీ రక్తపోటుతో మంచం పట్టినపుడు ఉత్తరాల ద్వారా సలహాలిచ్చారు. అంతటి వారు తన మాట విన్నా దాన్ని డప్పు కొట్టుకోక, వైద్యులను పక్కన ఉంచుకునే పని సాగించారు. వైద్యులు వినేకర్‌తో కలిసి ఆయన రాసిన యోగ చికిత్స గ్రంథాన్ని 1963లో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రచురించింది.

యోగం నేర్పేవారికి పద్ధతి ప్రకారం శిక్షణ ఉండాలని 1950ల ఆరంభంలో లోనావ్లాలో కళాశాల స్థాపించారు. గురువు నోటి మాటగా సాగుతున్న విద్యకు శాస్త్ర పాఠాలు, పరీక్షలు తోడయ్యాయి.

1966 ఏప్రిల్ 18న ఆయన కన్నుమూశారు. ఆశ్రమం నేటికీ నడుస్తున్నది. ఫలానా ఆసనంతో ఫలానా జబ్బు ఇట్టే పోతుందని, మందులు మానేయమని ఎవరైనా చెబితే, అది కువలయానంద చూపిన బాట కాదని గ్రామస్థులు గుర్తించాలి. ముందు ఒంట్లో సంగతి అడిగి, వైద్యుని సలహా తీసుకోమని చెప్పి, తనకు తెలియనిది తెలియదని ఒప్పుకునే వారి వద్దే యోగం నేర్చుకోవడం క్షేమం.