దేశభక్తియు దేశసౌభాగ్యమును: శ్రీ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జీవిత సంగ్రహము

హైదరాబాదు నగరమునకు పడమటనున్న మాదాపురము, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేట గ్రామములు నేడు గాజుమేడలతో నిండి యున్నవి. ఒకప్పుడు బండలును పొదలును దప్ప వేఱొండు కానరాని ఆ నేలపై 1998 వ సంవత్సరము నవంబరు నెలలో సైబర్ టవర్స్ అను సౌధము ప్రారంభింపబడినది మొదలు దేశదేశముల వ్యాపార సంస్థలు వచ్చి నెలకొన్నవి. మన సంఘీయుల బిడ్డలనేకులు అచ్చట కంప్యూటరు విద్యచే జీవించుచు తలిదండ్రులకు కీర్తి తెచ్చుచున్నారు. ఆ మేడలకు చేరువనే గండిపేట చెఱువను పేర మనమెల్లర మెఱిగిన ఉస్మాన్‌సాగరము గలదు. సెలవుదినములలో ఆ కట్టపై విహరించువారు వేలకొలది. ఆ జలాశయము నచ్చట నిర్మింపవలెనని మొదట యోచించి చెప్పిన మహనీయు నెఱిగినవారు మాత్రము అందులో కొలది మందియే యని మేము తలంచుచున్నాము. అందుచే ఈ వార్షిక సంచికయందు వారి చరిత్రమును సంగ్రహముగా మహాజనులకు విన్నవించుచున్నాము.

శ్రీ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పూర్వులు తెలుగువారు. పూర్వపు కర్నూలు మండలములోని మోక్షగుండ మను గ్రామము వారి యింటిపేరునకు మూలము. ఆ వంశీయులు కొన్ని తరములకు ముందు మైసూరు సీమకు తరలిపోయి చిక్కబళ్ళాపురమునకు సమీపమునందలి ముద్దెనహళ్ళిలో స్థిరపడిరి. అచ్చట శ్రీనివాసశాస్త్రిగారికిని వేంకటలక్ష్మమ్మగారికిని 1861 వ సంవత్సరము సెప్టెంబరు 15 వ తేదీని వీరు జన్మించిరి. తండ్రిగారు సంస్కృత పండితులు. ఇంట విద్య గలదు గాని విత్తము లేదు. బాల్యముననే తండ్రిగారు స్వర్గస్థులైరి. తల్లిగారి ధైర్యమువలనను మేనమామగారి యాదరమువలనను చదువు సాగినది. బెంగుళూరులో చదువుకొను కాలమున ఒక కొడగు గృహస్థుని యింట పిల్లలకు పాఠములు చెప్పి ఆ వచ్చిన దానితో పొట్ట పోసికొనిరి. 1881 లో సెంట్రల్ కాలేజీనుండి బి. ఏ. పరీక్షలో నుత్తీర్ణులై, మైసూరు ప్రభుత్వమువారి విద్యార్థి వేతనముతో పూనా చేరి, 1883 లో ఇంజనీరింగు పరీక్షయందు ప్రథములుగా నెగ్గిరి. సంస్థానపు ప్రజల సొమ్ముతో తాము విద్యావంతులైతి మను మాట వారు తుదివఱకు మఱువలేదు. వారి దేశభక్తికి బీజమిదియే యని మా యభిప్రాయము. ఋణము తీర్చుకొనవలెనను తలంపు గలవాడే దేశమునకు పనికివచ్చును.

1884 లో బొంబాయి ప్రభుత్వపు మరామతు శాఖయందు వీరు ఉద్యోగమున ప్రవేశించిరి. సింధు నదీతీరమునందలి సుక్కూరు పట్టణమునకు 1894-95 ప్రాంతమున నీటి వసతి కల్పించిరి. నీరా కాలువక్రింద రైతులకు వంతులవారీగా నీరందు నట్లు బ్లాకుల పద్ధతిని ఏర్పఱచిరి. పూనాకు చేరువనున్న ఖడక్‌వాస్లా జలాశయమునకు, కట్ట నెత్తు చేయకయే మఱికొంత నీరు నిలుపుటకై, వరద మితిమీఱినప్పుడు తమంతట తాము తెఱచుకొని అది తగ్గినంతనే మూసికొనెడి తలుపులను కల్పించిరి. 1906 లో ఏడెను రేవునకు పోయి అచ్చటి నీటి సరఫరాకును మురుగు కాలువలకును వలయు ఏర్పాటులను సూచించిరి. ఇంత పని చేసినను, తెల్లదొరల ప్రభుత్వమున భారతీయునకు చీఫ్ ఇంజనీరు పదవి దొరకుట దుర్లభమని తెలిసికొని, 1908 లో స్వచ్ఛందముగా నుద్యోగమును విడుచుటకు నిశ్చయించిరి.

ఈ నడుమ 1898 లో వారు జపాను దేశమునకు పోయి వచ్చిరి. ముప్పది యేండ్లకు పూర్వము మనవలెనే వెనుకబడి యున్న ఆ దీవులు బడులను, కర్మాగారములను, ఓడలను నిర్మించుకొని ప్రబలరాజ్యముల సరసకు చేరుటను కన్నులార చూచిరి. చిన్నపిల్లలందఱును బడికి పోవుటయు, సామాన్య కార్మికుడు సైతము తన పనిలోని నేర్పును దేశగౌరవముగా నెంచుటయు వారి మనస్సున నాటినది. దేశభక్తి యనగా కేవలము పరపాలకులను ద్వేషించుట గాదు, పరులు చేయగల పనిని మనము వారికంటె మిన్నగా చేసి చూపుట యని వారు గ్రహించిరి.

ఇక మన నగరపు కథ. 1908 వ సంవత్సరము సెప్టెంబరు 28 వ తేదీని మూసీనది పొంగి హైదరాబాదును ముంచినది. సుమారు 15,000 మంది ప్రాణములు గోల్పోయిరని చెప్పుదురు. ఇండ్లు, వంతెనలు, వైద్యశాలలు కొట్టుకొనిపోయినవి. అఫ్జల్ గంజునందలి యొక చింతచెట్టు నెక్కి నూటికి పైబడి జనులు ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు నేటికిని ఉస్మానియా ఆసుపత్రి యావరణమున నిలిచియే యున్నది. నాటి ప్రభువు ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్‌గారి ప్రభుత్వము విశ్వేశ్వరయ్యగారిని పిలిపించెను. అప్పటికి వారు యూరపు ఖండమున సంచరించుచుండిరి. 1909 ఏప్రిలు నెలలో హైదరాబాదు చేరి పని నారంభించిరి.

ఆ వరద దైవకోపమని జనులు విలపించుచుండిరి. విశ్వేశ్వరయ్యగారు మాత్రము లెక్క తీసిరి. నగరమునకు ఎగువనున్న మూసీ పరీవాహక ప్రదేశమున 788 చెఱువులు గలవనియు, అందు 221 చెఱువులు ఆ వానకు తెగి, ఒకదాని నీరు మఱియొకదానిపై బడి, వానను మించిన ప్రళయమును దెచ్చెననియు తేల్చిరి. వానను మనుష్యుడు ఆపజాలడు; నీటిని మాత్రము నిలుపగలడు. నగరమునకు పైన మూసీపై నొకటి, దాని ఉపనదియగు ఈసీపై నొకటి, రెండు గొప్ప జలాశయములను నిర్మించి, అందు వరదను పట్టి నెమ్మదిగా దిగువకు విడువవలెననియు, నగరములో నదికి ఇరువైపుల గట్టులు కట్టి తోటలు వేయవలెననియు, మురుగునకు వేఱు కాలువలుండవలెననియు వారు సలహా నొసగిరి. వారి సూచనల ననుసరించి, ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్‌గారి కాలమున, ఉస్మాన్‌సాగరము 1920 లోను, హిమాయత్‌సాగరము 1927 లోను ముగిసినవి. అలీ నవాజ్ జంగ్ బహద్దరుగారు మున్నగు హైదరాబాదు ఇంజనీర్ల శ్రమ ఇందు కలదు. మొదటి చెఱువు సుమారు 3.9 శతకోటి ఘనపుటడుగుల నీటిని, రెండవది సుమారు 2.9 శతకోటి ఘనపుటడుగుల నీటిని పట్టును. వరదను తప్పించుటకు కట్టిన చెఱువులే నగరమునకు దాహము తీర్చుట యీ యేర్పాటులోని చమత్కారము. తరువాత కృష్ణ, మంజీర, గోదావరి జలములు వచ్చినను, ఈ రెండింటి యుపకారము తీఱిపోలేదు.

హైదరాబాదు పని చేయుచుండగనే మైసూరు నుండి పిలుపు వచ్చినది. 1909 నవంబరులో వారచ్చట చీఫ్ ఇంజనీరై, కావేరిపై కృష్ణరాజసాగరమును 1911 లో ఆరంభించిరి. 1902 నుండి శివసముద్రము జలపాతమునందు పుట్టు విద్యుచ్ఛక్తి కోలారు బంగారు గనులకు పోవుచుండెను. వేసవిలో నది సన్నగిల్లగా ఆ శక్తి తగ్గుచుండెడిది. ఆనకట్టవలన ఏడాది పొడుగున నీరు నిలుకడగా వచ్చును. మండ్య సీమ పొలములకు సాగునీరు లభించును. ఒక్క కట్టడముతో రైతునకును, గనికిని, ప్రభుత్వపు బొక్కసమునకును లాభము కలుగునట్లు యోచించుట వారి విధానము.

1912 లో మహారాజావారు వీరిని దివానుగా నియమించిరి. ఈ సందర్భమున చెప్పుకొనెడి కథ యొకటి మన సంఘసభలో ముఖ్యముగా వినదగినది. పదవి నంగీకరించుటకు ముందు తమ బంధువుల నందఱను విందునకు పిలిచి, తన వలన ఎవరును ఉద్యోగములు గాని సిఫారసులు గాని కోరరాదని మాట తీసికొనిన పిమ్మటనే దివానుగిరీ చేపట్టిరట. పెద్ద పదవిలో మనవాడొకడు కూర్చున్నాడని వినినంతనే అర్జీలు వ్రాసికొని బయలుదేఱు అలవాటు అన్ని కులములలోను గలదు. మాయందును గలదని ఒప్పుకొనుటకు సిగ్గుపడము. ఒక బంధువునకు చేసిన మేలు ఒక యర్హునకు చేసిన కీడగును. అట్టి కీడులు వేయి కూడినచో అది దేశమునకు దారిద్ర్యమగును.

దివానుగా నున్న ఆఱేండ్లలో వారు స్థాపించిన సంస్థలను పేర్కొనిననే ఆశ్చర్యము కలుగును. 1913 లో మైసూరు బ్యాంకు, ప్రాథమిక విద్యను నిర్బంధము చేయు శాసనము. 1916 లో మైసూరు విశ్వవిద్యాలయము, వర్తక మండలి. 1917 లో బెంగుళూరు ఇంజనీరింగు కళాశాల. ఇవిగాక గంధపు నూనె, సబ్బు కర్మాగారములు. అంతకు పూర్వము గంధపు చెక్క విదేశములకు పోయి నూనెయై తిరిగి వచ్చుచుండెడిది. చెట్టు మనది, లాభము పరులది. యూరపు యుద్ధము వచ్చి ఆ వర్తకము నిలిచిపోగా, ఇచ్చటనే నూనె తీయుట కేర్పాటయినది. భద్రావతి ఇనుప కర్మాగారము 1923 లో పని నారంభించి నష్టములపాలు కాగా, పదవీ విరమణానంతరమే యైనను వీరు దాని పాలకవర్గమునకు అధ్యక్షులై 1929 వఱకు శ్రమించి నిలువబెట్టిరి. తమకు రావలసిన పారితోషికపు ధనమును వృత్తివిద్యాలయ స్థాపనకై యిచ్చివేసిరి. 1943 లో బెంగుళూరున వెలసిన జయచామరాజేంద్ర వృత్తి విద్యాలయ మదియే.

మహాపురుషుల చరిత్ర వ్రాయునపుడు పొగడ్తయే చాలదు. 1918 లో మైసూరు మహారాజావారు, సర్కారు కొలువులలో బ్రాహ్మణేతరులకు తగినంత చోటు కల్పించు మార్గమును విచారించుటకై సర్ లెస్లీ మిల్లరు అధ్యక్షతన నొక సంఘమును నియమించిరి. యోగ్యత తప్ప వేఱు ప్రమాణము కూడదని నమ్మిన విశ్వేశ్వరయ్యగారు దీనితో నేకీభవింపక దివాను పదవిని విడిచిపోయిరి. తమ నమ్మకమునకై పదవిని విడుచుట గౌరవార్హమే. కాని తరతరములుగా బడి మెట్టు నెక్కనీయబడని వారికి, పరీక్ష అందఱికి నొక్కటే యని చెప్పుట న్యాయమగునా? తలుపు తెఱచియుండుట వేఱు, తలుపువఱకు నడచి వచ్చుటకు త్రోవ యుండుట వేఱు. ఈ విషయమున మహారాజావారి పక్షముననే ధర్మము గలదని మేము తలంచుచున్నాము. దేశమునందలి తెలివి యంతయు పనిలోనికి రానిచో సంపద యెట్లు పెరుగును? నిర్బంధ విద్యాశాసనముతో విశ్వేశ్వరయ్యగారే నాటిన విత్తునకు ఇది ఫలము గదా!

తరువాత వారు తీరిక నెఱుగరు. 1920 లోను 1934 లోను వెలువడిన వారి గ్రంథములయందు, వ్యవసాయముపైననే బ్రదుకు ప్రజల సంఖ్యను తగ్గించి, పరిశ్రమలను పెంచి, పదేండ్ల ప్రణాళికతో దేశాదాయమును వృద్ధిచేయు విధానమును అంకెలతో నిరూపించిరి. మన దేశమున ప్రణాళికా సంఘ మేర్పడినది 1950 లో; వారు దాని నంతకు పదునాఱేండ్ల క్రిందటనే యోచించిరి. బొంబాయిలో మోటారుకార్ల పరిశ్రమను నెలకొల్ప యత్నింపగా ఆంగ్ల ప్రభుత్వము తోడ్పడలేదు. గ్రామపరిశ్రమలనే ప్రధానముగా నెంచిన గాంధీమహాత్ముని మార్గమునకును, పెద్ద యంత్రములను కోరిన వీరి మార్గమునకును భేదము గలదు. పరస్పర గౌరవము మాత్రము తగ్గలేదు. 1955 లో వారికి భారతరత్న బిరుదము లభించినది. 1962 ఏప్రిలులో, నూఱేండ్లు దాటిన వయస్సున, బెంగుళూరులో దివంగతులైరి. వారి జన్మదినమును దేశమెల్ల ఇంజనీర్ల దినముగా జరుపుచున్నారు. మన ఖైరతాబాదులో వారి విగ్రహము గలదు.

ఈ చరిత్రమువలన మేము నేర్చుకొన్నది రెండు మాటలలో చెప్పెదము. మొదటిది, దేశభక్తి భావముగా నుండిపోయిన నాడు ధనము పుట్టదు. అది బడిగా, బ్యాంకుగా, ఆనకట్టగా, కాలమునకు ముగిసిన పనిగా మారిననాడే ప్రజల కంచములోనికి అన్నమగును. గంధపు చెక్కను పంపి నూనెను కొనుట అవివేకమని నాడు వారు కనుగొనిరి. నేడు మన బిడ్డల మేధస్సు పరదేశ సంస్థల పనులకు వినియోగ మగుచున్నది. అది తప్పు గాదు. దానివలన వేల యిండ్లు వెలిగినవి. కాని వారిలో కొందఱైనను ఆ నేర్పుతో మన రైతునకు, మన ఆసుపత్రికి, మన భాషకు పనికివచ్చు వస్తువును స్వయముగా నిర్మింప బూనవలదా? విశ్వేశ్వరయ్యగారు జపాను, అమెరికా, యూరపులను చూచిరి. చూచిన దానిని ఇంటికి తెచ్చిరి.

రెండవది, సంపదకు పునాదిగా నున్న దానిని సంపదయే మ్రింగరాదు. ఆ రెండు చెఱువుల చుట్టును పది కిలోమీటర్ల మేర పెద్ద కట్టడములను నిషేధించుచు 1996 లో ప్రభుత్వము 111 వ సంఖ్యగల ఉత్తరువు నిచ్చినది. 2022 ఏప్రిలులో ఆ నిర్బంధములను తొలగించుచు మఱియొక ఉత్తరువు వెడలినది. భూమి ధర పెరుగునని సంతసించిన వారిలో మన వారును గలరు. ఆ గ్రామములలో పొలము గల చిన్న రైతునకు న్యాయము జరుగవలసినదే, కాదనము. అయినను 2020 అక్టోబరునందు వాన ముంచెత్తినప్పుడు, పూడ్చిన చెఱువుల చోట కట్టిన కాలనీలు మునిగినవని మనము చూచితిమి. 221 చెఱువులు తెగి నగరము మునిగెనని లెక్క తీసి చెప్పిన పెద్దమనిషి మాటను నూఱేండ్లలోనే మఱచితి మన్నచో, మన గాజుమేడలు ఎంత పొడవైన నేమి?

మహాజనులారా! ఈ సభకు వచ్చినవారు వీలు చేసికొని ఒక సాయంకాలము మీ పిల్లలను గండిపేట కట్టపైకి గొనిపొండు. ఒక పేదపిల్లవాడు ప్రజల సొమ్ముతో చదివి ఆ ఋణము నెట్లు తీర్చుకొనెనో అచ్చట నిలిచి చెప్పుడు. వారి కులమేదో చెప్పనక్కఱలేదు; వారు చేసిన పని కన్నులయెదుటనే యుండును.