బాఖ్: చర్చిలో ప్రార్థన.. కాఫీ హౌస్‌లో సరదా పాట! రెండింటికీ ఒకే ట్యూన్ వాడిన సంగీత మేధావి

ఆదివారం చర్చిలో భక్తి సంగీతం.. శుక్రవారం సాయంత్రం కాఫీ హౌస్‌లో కచేరీ. రెండూ నడిపించింది ఒక్కరే. ఆయనే యోహాన్ సెబాస్టియన్ బాఖ్. యూరప్ సంగీతంలో బరోక్ యుగం అనగానే ముందుగా వినిపించే పేరు. కానీ బతికున్నప్పుడు మాత్రం ఆయనకు అంత విలువ దక్కలేదు.

1685లో జర్మనీలోని ఐసెనాఖ్‌లో సంగీతకారుల కుటుంబంలో బాఖ్ పుట్టారు. పదేళ్లు నిండకముందే తల్లి, తండ్రి ఇద్దరూ పోయారు. అన్న ఇంట్లో పెరిగారు. 1717లో వేరే ఉద్యోగానికి వెళ్తానని పట్టుబడితే.. వైమార్ ప్రభువు ఆయన్ను దాదాపు నెల రోజులు జైల్లో పెట్టించాడు.

తర్వాత కోథెన్ రాజాస్థానంలో చేరారు. అక్కడి ప్రార్థనల్లో సంగీతానికి పెద్దగా చోటు లేదు. దాంతో ఆయన దృష్టి వాద్యాలపైకి మళ్లింది. 1721లో ఒక ప్రభువుకి అంకితమిచ్చిన బ్రాండెన్‌బర్గ్ కన్సర్టోలను ఇప్పటికీ ప్రపంచమంతా వాయిస్తోంది. ఆ కోథెన్ రోజుల్లోనే పెద్ద దెబ్బ కూడా తగిలింది. 1720లో యువరాజుతో కలిసి ఊరెళ్లి తిరిగొచ్చేసరికి.. భార్య మరియా బార్బరా చనిపోయింది, అంత్యక్రియలు కూడా అయిపోయాయి.

1723లో లైప్‌జిగ్ చేరారు. నిజానికి నగర పెద్దలు ముందు అనుకున్నది వేరేవాళ్లను. వాళ్లు కుదరకపోవడంతోనే బాఖ్‌కు ఆ ఉద్యోగం వచ్చింది. మొదటి కొన్నేళ్లు దాదాపు వారానికో కొత్త చర్చి సంగీతం రాశారు. అదే ఊళ్లో జిమ్మర్‌మాన్ కాఫీ హౌస్‌లో కచేరీలు కూడా నడిపారు. ఆ రోజుల్లో రాసిందే కాఫీ కాంటాటా. కాఫీ మానకపోతే పెళ్లి చేయనంటాడు తండ్రి. సరేనంటుంది కూతురు. కానీ తనకు కాఫీ పెట్టుకోనిచ్చేవాడినే చేసుకుంటానని లోపల మెలిక పెడుతుంది!

అసలు విశేషం ఇక్కడే ఉంది. 1733లో ఓ రాకుమారుడి 11వ పుట్టినరోజుకి బాఖ్ సంగీత కథ రాశారు. అందులో సుఖలాలస అనే పాత్ర హెర్క్యులస్‌ను దారి తప్పించడానికి జోలపాట పాడుతుంది. ఏడాది తిరిగేసరికి అదే ట్యూన్‌ను క్రిస్మస్ ఒరటోరియోలో పెట్టారు. ఈసారి ఆ జోల బాల యేసుకి! పుట్టినరోజు పాట ఒక్కసారితో అయిపోతుంది. చర్చిలోకి వస్తే ఏటా పాడొచ్చు. వినేవారికి మాత్రం ఎక్కడా అతుకు కనిపించదు. భక్తికి ఒక సంగీతం, సరదాకి తక్కువ రకం సంగీతం అని ఆయన విడదీయలేదు. రెండింటికీ ఒకే శ్రద్ధ పెట్టారు.

చివర్లో చూపు పోయింది. కంటికి రెండు ఆపరేషన్లు చేసినా ఫలితం లేకపోయింది. 1750 జులై 28న కన్నుమూశారు. రెండో భార్య అన్నా మగ్దలీనా పదేళ్ల తర్వాత పేదరికంలోనే చనిపోయింది. ఆయన రాతప్రతులు చెల్లాచెదురయ్యాయి. చాలా రచనలు శాశ్వతంగా పోయాయి.

1829లో మెండెల్సన్ అనే 20 ఏళ్ల కుర్రాడు బెర్లిన్‌లో సెయింట్ మాథ్యూ ప్యాషన్‌ను మళ్లీ వినిపించాకే జనం బాఖ్ వైపు తిరిగారు. 1977లో వాయేజర్ నౌకలతో పాటు ఆయన సంగీతం అంతరిక్షంలోకీ వెళ్లింది. మన ఇళయరాజా 1986 నాటి 'హౌ టు నేమ్ ఇట్' ఆల్బమ్‌లో ఒక ట్రాక్‌కి బాఖ్ పేరే పెట్టుకున్నారు.

బాఖ్‌ను కొత్తగా వినాలనుకుంటే ఆ రెండు జోలపాటలూ పక్కపక్కనే పెట్టి వినండి. ఏది దేవుడిదో, ఏది రాకుమారుడిదో మాటలు తెలియకుండా చెప్పడం కష్టం.